కొండకు వెల కట్టడానికి మాచర్ల దాకా

మాఘమాసం చివర్లో మా అక్క భర్త కోటయ్య బావ మిరపకాయల బస్తాలతో గుంటూరు వచ్చాడు. సరుకు అమ్ముడుపోయాక కూడా ఊరికి బయలుదేరకుండా మా వసారాలోనే కూర్చుండిపోయాడు. సంగతేమిటని అడిగితే అప్పుడు చెప్పాడు. "మా ఊరి కొండని బొగ్గుకి వేలం ఏస్తారంట రాఘవా. చెట్టన్నది లేకుండా కొట్టేస్తారంట. గురువారం అడవుల ఆఫీసరు వస్తన్నాడు. ఏవన్నా చెప్పుకోవాలంటే అప్పుడే చెప్పుకోవాల. మేం ఏడిస్తే ఆయనకేం అర్థమవుద్ది? నువ్వు కాలేజీలో అర్థశాస్త్రం చెబుతావు గదా. ఆయన భాషలో నువ్వే చెప్పు." యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి. ఆ బొగ్గు ఎక్కడి నుంచి వస్తోందని నేను అంతవరకూ ఆలోచించనే లేదు. బావ వెళ్ళిన మర్నాటి నుంచి ఆ కొండ ఊరికి ఏడాదికి ఏమేమి ఇస్తోందో లెక్కగట్టడం మొదలుపెట్టి, బుధవారం నేనూ బయలుదేరాను.

గుంటూరులో పొద్దున్నే మాచర్ల బండి ఎక్కితే మధ్యాహ్నానికి దిగవచ్చు. మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల లోపే. సత్తెనపల్లి దాకా బండి కిటకిటలాడింది. అక్కడ సంత జనం దిగిపోయాక కాళ్ళు చాపుకునే చోటు దొరికింది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపుబట్టీల పొగ, గురజాల దాటాక నాపరాళ్ళు పేర్చిన గోడలు, వాటి వెనక ఎండిన జొన్నచేలు, ఎక్కడో ఒక మోదుగచెట్టు ఎర్రగా పూసి ఉండడం, ఇవే చూస్తూ వచ్చాను. మాచర్ల స్టేషను ఎదుట పూటకూళ్ళామెను అన్నం అడిగితే, "రేషను బియ్యం పొద్దున్నే అయిపోయినయ్ బాబూ. జొన్నన్నం, గోంగూర పచ్చడి ఉన్నయ్. తింటే పెడతా, లేదంటే మజ్జిగ తాగి పో" అంది. తిన్నాను. నాలుగణాలకు కడుపు నిండింది.

దుర్గి వైపు వెళ్ళే బస్సు స్టేషను బయటే నిలబడి ఉంది. దాని వెనక ఇనుప డ్రమ్ము, అందులో బొగ్గు. డ్రైవరు మస్తాన్ ఆ డ్రమ్ము పక్కనున్న గాలి పిడి తిప్పుతూ నిప్పు రాజేస్తున్నాడు. నిప్పు అందుకోవడానికి అరగంట పైనే పట్టింది. ఈలోగా మాటల్లో నేను ఎందుకొచ్చానో చెప్పాను. అతను పిడి ఆపి నావైపు చూశాడు.

"అంటే మీరు వచ్చింది నా బండి ఆపడానికా సారూ?"

"బండి ఆపడానికి కాదు. కొండ కొట్టకుండా..."

"రెండూ ఒకటే గదా. పోయిన వారం ఒక పిల్ల కాన్పు కష్టమై అల్లాడతంటే ఈ బండి మీదే మాచర్ల ఆసుపత్రికి తెచ్చా. తల్లీ బిడ్డా బతికారు. బొగ్గు లేకపోతే ఎడ్లబండి మీద పొద్దుగూకేది. అది కూడా రాసుకున్నారా మీ లెక్కలో?"

రాసుకోలేదు. ఆరణాల టిక్కెట్టు తీసుకుని కూర్చున్నానేగానీ, దారి పొడుగునా ఆ మాటే గుచ్చుకుంటూ ఉంది.

మా అక్క సీతమ్మ ఊరు కొండకు ఆనుకునే ఉంటుంది. నేను చేరేసరికి సాయంత్రమైంది. కొండ మొదట్లో రాతిసందులోంచి ఊట వచ్చి చిన్న కాలవగా పారుతుంది. ఊరి మిరపతోటలకు అదే ఆధారం. ఆ కాలవ దగ్గర కడవలతో చాలామంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఇంతమంది మీ ఊళ్ళో ఉన్నారా అని అక్కను అడిగాను.

"సగం మంది పక్కూరోళ్ళు తమ్ముడూ. వాళ్ళ కొండ రెండేళ్ళ కింద కొట్టారు. అప్పట్నించి వాళ్ళ బావులు ఎండుతున్నయ్. మాది కూడా పోతే వాళ్ళూ మేమూ కలిసి ఎవరి ఊరికి పోవాల?" అంది, తన కడవ పక్కకు జరిపి ఒక ముసలామెకు చోటిస్తూ.

మర్నాడు పొద్దెక్కాక ఆఫీసరు గుర్రం మీద వచ్చాడు. ముప్పయ్యేళ్ళుంటాయేమో, ఎండకు మొహం కందిపోయి ఉంది. ఊరివాళ్ళు బడి ముందు పందిరి వేశారు. నేను లేచి పశువుల మేత, విస్తరాకులు, తేనె, జిగురు, వంటచెరకు, పాలు, మిరపతోటల నీళ్ళు, ఒక్కొక్కటీ విలువతో సహా చదివాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"గడ్డి విలువ వేశారు. ఆ గడ్డి తిన్న గేదెల పాల విలువా వేశారు. ఒకే వస్తువును రెండుసార్లు లెక్కించారు కదండీ?"

నిజమే. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు చేస్తే నేనే కొట్టేసే తప్పు.

"సరే, మిగిలినవి ఒప్పుకుంటాను. మరి బస్సులు దేనితో నడపమంటారు?"

నేను నా కాగితాలు మళ్ళీ తిరగేశాను. బావ ఆవేశంగా లేవబోయాడు. ఇంతలో ఆడవాళ్ళ వైపు నుంచి అక్క గొంతు వినిపించింది. "అయ్యా, మా మాట నమ్మొద్దు. పక్కూరి బావుల్లోకి ఒక్కసారి తొంగి చూసి రండి. ఆ తరవాత మీ ఇష్టం."

ఆయన కాదంటాడనుకున్నాను. గుర్రాన్ని అక్కడే కట్టేయించి మాతోపాటు నడిచే వచ్చాడు. పక్కూరి కొండ మీద మొదళ్ళు తప్ప ఏమీ లేవు. వానలకు గులకరాళ్ళు కొట్టుకొచ్చి కింది చేలల్లో మేట వేశాయి. బావిలో అడుగున బురద, అందులో ఒక విరిగిన చేద. పొలంలో రాళ్ళు ఏరుకుంటున్న ముసలి రైతును ఆఫీసరు అడిగాడు.

"సిస్తు కడుతున్నారా తాతా?"

"ఏం పెట్టి కడతాం బాబూ? పైరు ఎండిందని పోయినేడు మీ సర్కారే మాఫీ చేసింది. ఈ ఏడు కూడా అర్జీ పెట్టుకున్నాం. బావులు లోతు తవ్వడానికి కూడా మీరే డబ్బులిచ్చారు. తవ్వాం. రాయి పడింది."

ఆఫీసరు మళ్ళీ ఒకసారి బావిలోకి వంగి చూశాడు. తర్వాత నావైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "వేలం డబ్బు అడవి ఖాతాలో పడింది. మాఫీ అయిన సిస్తు రెవిన్యూ ఖాతాలో పోయింది. బావుల ఖర్చు ఇంకో ఖాతా. మూడూ ఒకే జేబులోవని ఎవరూ కలిపి చూడలేదు. వేలం డబ్బు వచ్చింది ఒక్కసారే. ఈ నష్టం ఏటేటా ఉంటుంది."

తిరిగి వస్తుంటే బస్సుల సంగతి మళ్ళీ ఎత్తాడు. ఈసారి బావ నెమ్మదిగానే చెప్పాడు. "మా చెరువు నిండా తుమ్మ అడివైపోయిందయ్యా. అది కొట్టుకోండి. మీకు బొగ్గూ వస్తది, మా చెరువూ బాగుపడుద్ది."

ఆ మధ్యాహ్నం పందిరి కిందే ఆయన తన నిర్ణయం చెప్పాడు. వేలం రద్దు. ముందు చెరువులో తుమ్మ కొట్టించాలి. అది చాలకపోతే కొండ అవతలి వైపున మాత్రం ఏడాదికొక పట్టీ మేరకే చెట్లు కొట్టి, కొట్టినచోట మళ్ళీ చెట్టు పెరిగేదాకా ముట్టుకోకూడదు. ఊట ఉన్న ఇవతలి వాలు మీద గొడ్డలి పడకూడదు. ఆ మాటలు కాగితం మీద రాసి ఆయన సంతకం చేస్తుంటే బావ నేలమీద చతికిలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అక్క బావ భుజం తట్టి, "లెగు, ఆఫీసరు గారికి మజ్జిగ పొయ్యి" అంది. కొన్ని రోజులుగా గుండెల మీదున్న బరువు ఒక్కసారిగా దిగినట్టయింది నాకు. బస్సులూ ఆగవు, ఊటా ఆగదు. ఆ పూట పాచిపోయిన జొన్నరొట్టె కూడా రుచిగానే ఉంది.

నేను పిల్లలకు ధర గురించి ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్పాను. కొనేవాడు ఉంటేనే ధర పుడుతుందని చెప్పాను. ఊటను ఎవరూ కొనరు. దాని నీళ్ళతో పండిన మిరపకాయకే ధర. అందుకని ఊట ఖరీదు సున్నా అనుకుని కొండను అమ్మితే, ఆ ఖరీదు తర్వాత వేరే పేర్లతో, వేరే ఖాతాల్లో కట్టాల్సి వస్తుంది. లెక్క కట్టడం తప్పుకాదని ఆ ఆఫీసరును చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఎంత దూరం దాకా లెక్క కడతామన్నదే అసలు సంగతి. అలా ఆలోచించే మనిషి ఒకరు ఆ కుర్చీలో ఉండడం మా అక్క ఊరి అదృష్టం. ప్రతి ఊరికీ అంత అదృష్టం ఉండదు కాబట్టి, ఆ లెక్క ఆఫీసులకు అలవాటు కావాలి.

మీరు ఆ వైపు వెళ్ళేట్టయితే ఒక్క మాట. బొగ్గు బస్సులో వెనక సీట్లు ఖాళీగా కనిపించినా కూర్చోకండి, డ్రమ్ము వేడీ మసీ అంతా అక్కడే; ముందు వరసలోనే కూర్చోండి. తెల్లబట్టలు అసలే వద్దు. ఎత్తు ఎక్కాల్సి వస్తే బండి ఆగుతుంది, అందరూ దిగి తొయ్యాల్సిందే. పంతులుగారినని చెప్పి చూశాను, ఎవరూ వినలేదు.