మునిగిన చుక్క

గ్రేసమ్మ సీసాను రెండు చేతులా పట్టుకుని నీలం నీళ్లను గాజు పాత్రలోకి వంచుతోంది. గీత దాకా పోసి, పాత్రను కంటి ఎత్తుకు లేపి చూసి, బల్ల మీద పెట్టింది. నరసరావుపేటలోని ఆ బ్లడ్ బ్యాంకులో పొద్దున రాగానే ఆమె చేతులు చేసే మొదటి పని అదే.

"అది మైలుతుత్తం గదా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన. "మేం తోటలకి కొట్టేది నీకెందుకమ్మా ఇక్కడ?"

"అదే పెద్దాయనా, కొలత వేరు. వేలి నుంచి తీసిన రక్తం చుక్క ఇందులో మునిగితే ఆ మనిషి రక్తం ఇవ్వొచ్చు. మునక్కపోతే నీ ఒంటికే చాలట్లేదని పంపించేస్తాం."

"ఉప్పునీళ్లలో వడ్లు పోసి తాలు తీసినట్టే ఉందే," అని ఆయన మెచ్చుకోలుగా తలాడించాడు.

ఆయన పేరు నరసింహారావు. నూజెండ్ల దగ్గర పల్లెటూరు. ఊళ్లో పంచాయితీ జరిగితే ఆఖరి మాట ఆయనదే. మనవరాలు పూర్ణిమకి ఇంకా ఏడాది నిండలేదు. ఏడిస్తే చాలు, పెదాలు నేరేడు పండులా నల్లబడతాయి. గుండెలో రంధ్రం ఉంది, ఊపిరితిత్తులకు పోయే దారి సన్నబడింది. రేపు పొద్దున్నే గుంటూరులో ఆపరేషన్. పెద్దకొడుకూ కోడలూ పిల్లతో అక్కడే ఉన్నారు. అది ఎండాకాలం, రక్తం ఇచ్చేవాళ్లు తక్కువ. పిల్ల గ్రూపు ఓ పాజిటివ్‌లో కొత్తగా తీసిన రక్తం సంచి అక్కడ లేదు. సాయంత్రానికల్లా ఒకటి చేరకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది. పై ఊరి నుంచి వచ్చిన పిల్లల గుండె డాక్టరు మళ్లీ ఎప్పుడు వస్తాడో తెలియదు. అందుకని గుంటూరు ఆస్పత్రి వాళ్లు పిల్ల రక్తం కొంచెం చిన్న గొట్టంలో పోసి, ఐసు పెట్టెతో సహా సల్మాన్ అనే డ్రైవరును పేటకు పంపారు. నరసింహారావేమో తన చిన్నకొడుకు తేజనీ మరో నలుగురు మగవాళ్లనీ కారెక్కించుకుని వచ్చాడు.

"ఒక్క మాట చెప్పమ్మా," అన్నాడాయన కుర్చీ లాక్కుని. "పిల్ల ఒంట్లో పిల్ల రక్తం ఉంది. అది పారబొయ్యరు గదా. ఇంకోళ్లది ఎందుకంట?"

గ్రేసమ్మకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగిన మనిషిని బట్టి జవాబు మారుస్తుంది.

"మీ బావి మోటారు ఎండిపోయి ఉంటే స్విచ్చి వెయ్యగానే లాగుద్దా?"

"ఎట్టా లాగుద్ది? పైపు నిండా నీళ్లు పోసి, గాలి పోగొట్టి, అప్పుడు వెయ్యాల."

"ఇదీ అంతే. గుండె కోసి కుట్టాలంటే అది కదలకుండా ఆగాలి. ఆగినంతసేపూ రక్తాన్ని ఒక యంత్రం తిప్పుద్ది, గాలి కూడా అదే కలుపుద్ది. దాని గొట్టాలు ముందే నింపి ఉంచాలి. పెద్దోళ్లకైతే మందునీళ్లతో నింపినా సరిపోద్ది. పిల్ల ఒంట్లో మొత్తం రక్తం రెండు మూడు గ్లాసులు. గొట్టాల్లో పట్టేదీ ఇంచుమించు అంతే. ఉత్త నీళ్లతో నింపితే పిల్ల రక్తం పలచబడిపోద్ది. అందుకని వేరే మనిషి రక్తం కలపాలి."

నరసింహారావుకు పైపుకీ ఒంటికీ లెక్క కుదిరినట్టుంది, "అర్థమైంది," అన్నాడు.

"ఇంకోటి. తల్లి, తండ్రి, బాబాయి, మేనమామ, ఇట్టాంటి దగ్గరి రక్తం పనికిరాదు. మీతో వచ్చినోళ్లు పిల్లకి ఏమవుతారు?"

ఆయన ముఖం మారింది. "ఊరోళ్లు," అన్నాడు. వెనక నిలబడ్డ తేజ కూడా నేల చూస్తూ "ఊరోళ్లమేనండీ" అన్నాడు.

గ్రేసమ్మకు ఒక పద్ధతి ఉంది. ఇచ్చే మనిషిని ఒంటరిగా లోపలికి పిలిచి, తలుపు వేసి అడగడం. పదిమందిలో ఎవరూ నిజం చెప్పరని ఆమెకు తెలుసు. ఆ రోజు బయట వరండా నిండా జనం, సల్మాన్ గడియారం వంక చూస్తున్నాడు. తలుపు వెయ్యలేదు.

ఈ పని ఆమెకు నేర్పింది జాన్ సాహెబ్ అనే పాత టెక్నీషియన్. మాచవరం నుంచి వచ్చి ఇక్కడ గొట్టాలు కడిగే పనిలో చేరిన గ్రేసమ్మ, కడిగిన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసుకోవడం గమనించి, ఆయనే ఆమెను పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం తర్వాతి సంగతి. జాన్ సాహెబ్ చెప్పినవి తక్కువ. సంచి నిండుతున్నంతసేపూ ఊయల ఊపినట్టు ఊపు, గడ్డకట్టదు. వేలిని పిండొద్దు. తలుపు వెయ్యి. ఆయన పోయి చానాళ్లయినా, ఆయన కూర్చున్న స్టూలు మీదే గ్రేసమ్మ కూర్చుంటుంది.

వచ్చిన వాళ్లలో ఇద్దరికి గ్రూపు కలవలేదు. ఒకతను ఈ మధ్యే ఎక్కడో ఇచ్చి వచ్చాడు. ఇంకొకతను సూది చూడగానే కూలబడ్డాడు. మిగిలింది తేజ. చుక్క రాయిలా మునిగింది. మంచం మీద పడుకోబెట్టి, నరం పట్టి, సూది గుచ్చి, గ్రేసమ్మ సంచిని ఊపుతూ కూర్చుంది. నిండింది. ముడి వేసి, పేరు అంటించి, అతనికి పళ్లరసం ఇచ్చింది.

తేజ రసం తాగలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు.

"అక్కా, దగ్గరోళ్లది ఎక్కిస్తే నిజంగా ఏమవుద్ది?"

"పరాయి రక్తంలో వచ్చిన తెల్లకణాలని మన ఒళ్లు గుర్తుపట్టి తరిమేస్తది. దగ్గరోళ్లదైతే మనదే అనుకుని ఊరుకోవచ్చు. అవి లోపల తిష్ట వేసి ఆ ఒంటి మీదే పడతాయి. అరుదుగా జరుగుద్ది. జరిగితే మాత్రం బతికించడం కష్టం. ఆ కణాల్ని చంపే కిరణాల యంత్రం ఉంది గానీ, ఇవాళ్టికి ఇవాళ మనకి దొరకదు."

తేజ గ్లాసు కింద పెట్టాడు. "నేను పిల్ల బాబాయిని."

గ్రేసమ్మ లేచి వెళ్లి తలుపు వేసింది. వెయ్యాల్సినప్పుడు వెయ్యని తలుపు.

"నాన్నే చెప్పమన్నాడు. ఊరోళ్లమని చెప్పండ్రా, మన పిల్లకి మన రక్తమే పడాల అని."

ఆమె నరసింహారావును లోపలికి పిలిచింది. కొడుకు ముఖం చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"ఒరేయ్, చెప్పేశావా," అన్నాడు మెల్లగా. తర్వాత గ్రేసమ్మ వంక తిరిగి, "ఎవడి రక్తమో, తాగుబోతుదో దొంగదో నా మనవరాలికి ఎందుకమ్మా? మా ఇంటోడిది మంచి రక్తం."

"మంచిదే పెద్దాయనా. మీ పిల్లకి తప్ప ఎవరికైనా మంచిదే. మీ మోటారు పైపులో ఎవరి బావి నీళ్లు పోస్తారు?"

ఆయనకు తెలుసు: మోటారు ఎండినవాడు పక్కవాడి బావి నుంచే బిందె తెచ్చుకోవాలి.

"ఇప్పుడేం చెయ్యాల?"

"ఓ పాజిటివ్ మనిషి కావాలి. రక్తసంబంధం లేని మనిషి. పరీక్షలకి టైం పడుద్ది, ఇప్పుడే కావాలి."

తలుపు తట్టి, తేజ భార్య ప్రత్యూష మజ్జిగ సీసాతో తొంగిచూసింది. పొద్దుటి నుంచీ కారులోనే కూర్చుంది.

"నువ్వెందుకు తల్లీ, ఇది మా ఇంటి రక్తం సంగతి," అన్నాడు నరసింహారావు అలవాటు కొద్దీ.

తేజ తలెత్తాడు. "అక్కా, ఈమెది ఓ పాజిటివే."

"ఏ ఊరమ్మా మీది?" అంది గ్రేసమ్మ.

"మాచర్ల పక్కన."

గ్రేసమ్మ ఈసారి మగవాళ్లిద్దర్నీ బయటికి పంపి తలుపు వేసింది. "మేనరికమా? పెళ్లికి ముందు ఈ ఇంటితో ఏ చుట్టరికమైనా ఉందా?"

"బయటి సంబంధం అండీ. మా మావయ్యగారి కోపమంతా దానికే. తన చెల్లెలి కూతుర్ని చేసుకోమంటే ఈయన వినలేదు. మూడేళ్ల నుంచి నేను ఇంకా ఆ ఇంటికి చుట్టాన్నే."

"పిల్లలు?"

"ఇంకా లేరు."

"జబ్బులు, మందులు ఏమన్నా?"

"లేవండీ. పూర్ణిమ నా చేతుల్లోనే పెరిగింది. నన్ను ఒక్క మాట అడగలేదు ఎవరూ."

బరువు సరిపోయింది. గ్రూపు పరీక్షలోనూ ఓ పాజిటివే తేలింది. గ్రేసమ్మ తొందరలో వేలికి గుచ్చి, రాని చుక్కను పిండి, నీలం నీళ్లలో వదిలింది. చుక్క కొంచెం దిగింది. సగంలో ఆగింది. అక్కడే గుండ్రంగా వేలాడుతూ నిలబడిపోయింది.

ప్రత్యూష పాత్ర వైపు వంగింది. "మునగలేదుగా," అంది.

గ్రేసమ్మ తన వేళ్ల వంక చూసుకుంది. పిండితే రక్తంతో పాటు కండలోని నీరూ వస్తుంది, చుక్క తేలికవుతుంది. లోపం ప్రత్యూష రక్తానిదో తన చేతిదో ఇప్పుడు తేలాలి. పొద్దుటి నీళ్లు పారబోసి కొత్తవి పోసింది. ప్రత్యూష చెయ్యిని వేడినీళ్ల గుడ్డలో చుట్టి కాసేపు ఒళ్లో పెట్టుకుంది.

"ఇది కూడా మునక్కపోతే?"

"నిన్ను ఇంటికి పంపుతాను. నీ ఒంటిని దోచి ఇంకొకరికి పెట్టను."

ఇంకో వేలికి గుచ్చింది. ఈసారి పిండలేదు. చుక్క దానంతటదే ఊరి, బరువెక్కి, జారి పడింది. ఎక్కడా ఆగకుండా నేరుగా అడుగుకు పోయింది.

సంచి నిండుతుంటే గ్రేసమ్మ ఊపుతూనే ఉంది. కిటికీ అవతల నరసింహారావు నిలబడి కోడలి చెయ్యి వంకే చూస్తున్నాడు. సంచి మూడొంతులు నిండాక లోపలికి వచ్చి, మజ్జిగ గ్లాసులో పోసి, కోడలికి అందేంత దూరంలో పెట్టాడు.

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు మావయ్యా."

"తిరిగితే చెప్పు. మొహమాటపడమాక."

మధ్యాహ్నమంతా గ్రేసమ్మ బల్ల దగ్గరే ఉంది. జబ్బుల పరీక్షలన్నీ అయ్యాయి, ఏ దోషమూ లేదు. సంచిని గిరగిర తిప్పే యంత్రంలో పెట్టి, పైకి తేలిన పసుపు నీటిని వేరే సంచిలోకి దించింది. పిల్ల రక్తమున్న చిన్న గొట్టం తీసి, దాంట్లోని నీటితో ప్రత్యూష కణాలు రెండు చుక్కలు కలిపి, గోరువెచ్చగా ఉంచి, వెలుతురుకు పెట్టి చూసింది. కణాలు ఎక్కడా గుంపు కట్టలేదు, అంటే పిల్లకి ఈ రక్తం పడుతుంది. మళ్లీ ఒకసారి చూసింది. బ్లడ్ బ్యాంకు డాక్టరు కూడా వచ్చి చూసి సంతకం పెట్టాడు.

తేజ ఇచ్చిన సంచిని ఆమె వేరే అరలో పెడుతుంటే నరసింహారావు అడిగాడు, "మావోడిది ఎవరికి పోద్దమ్మా?"

"ఎవరికి అవసరమైతే వాళ్లకి. ఎవరో నాకూ తెలియదు."

"తాగుబోతుకి పోయినా అంతేనా?"

"అంతే."

ఆయన నవ్వబోయి మానేశాడు.

ఎండ చల్లబడుతుండగా గ్రేసమ్మ పెట్టెలో అడుగున ఐసు గడ్డలు పరిచింది. వాటి మీద గుడ్డ వేసింది. ఐసు నేరుగా తగిలితే కణాలు పగులుతాయి. సంచిని గుడ్డ మీద పడుకోబెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి, మూత వేసి పట్టీ బిగించింది.

నరసింహారావు దగ్గరికి వచ్చాడు. "అక్కడ అడిగితే ఎవరిదని చెప్పాల?"

"చెప్పక్కర్లేదు. గ్రూపూ నంబరూ దాని మీద ఉన్నాయి."

ఆయన తల ఊపి, కారులో వెనక సీటు దులిపి, ప్రత్యూషను కూర్చోమన్నాడు.

గ్రేసమ్మ పెట్టెను రెండు చేతులా ఎత్తింది. "నిలువుగానే ఉంచు, ఎండ పడనీయమాక. దారిలో ఎక్కడా ఆగొద్దు," అని చెప్పి సల్మాన్ చేతుల్లో పెట్టింది. అతను బరువు పూర్తిగా అందుకునేదాకా తన చేతులు తియ్యలేదు.