ఆపి చూద్దాం అన్నారు

ఆ జనవరిలో మా సెక్షన్‌లో ఒక ఫోన్ మోగలేదని అందరూ సంతోషించారు. అది మోగనందుకే నాకు ఒక చోట కాలు నిలవలేదు.

ఢిల్లీలో మా ఆఫీసు పని చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. దేశంలో పిల్లల చదువు కోసం పైకి పంపే ఉపగ్రహంలో ఎవరికి ఎంత చోటు కావాలో తేల్చి పైవాళ్లకు ఇవ్వడం మా పని. ఏ భాషకు ఎన్ని చానళ్లు, ఏ రాష్ట్రానికి ఎంతసేపు, ఏ ప్రాంతంలో ఎంత పెద్ద డిష్. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "శాటిలైట్లు" అంటాను. వాళ్లు నన్ను రాకెట్ పక్కన ఊహించుకుని కాస్త వెనక్కి జరుగుతారు. నిజానికి నేను రోజంతా ఎక్సెల్ షీటు ముందు కూర్చుని, వెయిటింగ్ లిస్టు వాళ్లకు బెర్తులు సర్దే టీసీలా, అక్కడ తీసి ఇక్కడ పెడుతుంటాను. అందరికీ కింది బెర్తే కావాలి.

అప్పటికి పాత ఉపగ్రహానికి వయసైపోయింది. దాని స్థానంలో వచ్చేదానికి ప్లాన్ వేస్తున్నాం. ఒకసారి ఎగిరాక దాన్ని దించి మార్చేది ఉండదు. ఇప్పుడు షీటులో చోటు దొరకని చానల్‌కు మళ్లీ దొరికేది ఎన్నో ఏళ్ల తర్వాతే. అప్పటికి ఇప్పటి పిల్లలు పిల్లల్ని కని ఉంటారు.

పాత ఉపగ్రహంలో ఒక చానల్ ఉత్తరాంధ్ర కొండల్లోని హాస్టల్ బడుల కోసం నడుస్తోంది. సాయంత్రం పూట తెలుగులో పదో తరగతి లెక్కలు, సైన్సు. ఆ బడుల మేడల మీద డిష్షులు, కింద టీవీకి తగిలించిన పెట్టెలు ఆ ఒక్క చానల్ కోసమే పెట్టినవి. వాటిలో ఇంకేదీ రాదు. లెక్కల మాస్టార్లు ఆ కొండలెక్కి నిలవడం లేదు కాబట్టి ఆ ఏర్పాటు.

ఆ చానల్ కొత్త ప్లాన్‌లో ఉండాలా అన్నది ప్రశ్న. మా డైరెక్టర్ గారు చెడ్డవారు కాదు, పని తెలిసినవారు. "ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఎవరు చూస్తున్నారో మనకేం తెలుసు?" అన్నారు హిందీలో. తర్వాత ఆయనకు బాగా ఇష్టమైన మాట అన్నారు: "బంద్ కర్‌కే దేఖ్‌తే హైఁ." ఆపి చూద్దాం.

అది మా ఆఫీసు ఆచారం. పాత ప్రింటర్ ఎవరికైనా కావాలో లేదో తెలియకపోతే ఎవరినీ అడగం. ప్లగ్ పీకి, ఎవరు అరుస్తారో వింటాం. పాత సాఫ్ట్‌వేర్లన్నీ అలాగే పోయాయి. పై అంతస్తులో కాఫీ మెషిన్ అలాగే బతికిపోయింది. పీకీ పీకగానే అకౌంట్స్ వాళ్లు యుద్ధానికి దిగి వచ్చారు.

"పరీక్షలు దగ్గరపడ్డాయి సర్. ఒక్క రోజు ఆపితే చాలదా?" అన్నాను.

"ఒక్క రోజైతే కరెంటు పోయిందనుకుంటారు. కొన్నాళ్లు ఆపితేనే కావలసినవాళ్లు ఫోన్ చేస్తారు" అన్నారు.

ఆ మాటలో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. తప్పుందని మాత్రం ఒళ్లంతా చెబుతోంది. అంతకన్నా చిరాకు ఇంకోటి ఉండదు. చానల్ ఆపారు. ఫిర్యాదులకు ఇచ్చిన నంబరు మా సెక్షన్‌లోదే, నా టేబుల్‌కు అటుపక్క. అది మోగలేదు. రెండుసార్లు రిసీవర్ ఎత్తి డయల్ టోన్ వస్తోందో లేదో చూశాను. నిక్షేపంగా వస్తోంది.

ఆ రోజుల్లో నేను ఒక చోట కూర్చున్నది లేదు. మెట్రోలో సీటు దొరికినా లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. ద్వారకలో మా సొసైటీ చుట్టూ పొగమంచులోనే తిరిగేదాన్ని, వాచ్‌మన్ భయ్యా "సబ్ ఠీక్ హై మేడమ్?" అని అడిగేదాకా. పప్పులో ఉప్పు మర్చిపోయి, మర్నాడు దానికి కూడా కలిపి వేశాను. మా ఆయన కంచం పక్కకు జరిపి, "ఆకాశంలో ఎవరికి చోటిస్తావో గానీ, ఈ ఇంట్లో మాకు కాస్త తిండి పెట్టు తల్లీ" అన్నాడు. మా అమ్మాయి అయితే పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "మమ్మీ, బైఠ్ జావో నా" అని కూర్చోమనేది.

మా అమ్మాయికి తెలుగు చదవడం నేర్పించడానికి ఆదివారాలు ఒక విద్యార్థిని వచ్చేది. వసంత్ కుంజ్ దగ్గర యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది. ఊరు ఆ కొండల్లోనే. ఆ చానల్ పాఠాలు వినే పదో తరగతి గట్టెక్కానని తనే ఒకసారి చెప్పింది. చెల్లెలు ఇప్పుడు అదే బడిలో పదో తరగతి. ఆఫీసు విషయం బయట మాట్లాడకూడదని ఒక ఆదివారం నోరు కట్టేసుకున్నాను. తర్వాతి ఆదివారం నా వల్ల కాలేదు.

"మీ చెల్లెలు ఆ టీవీ పాఠాలు చూస్తుందా?" అని అడిగాను, టీ కప్పు చేతికిస్తూ.

"సూడకేటి ఆంటీ? లెక్కలకి అదే దిక్కు. నేను సదివినప్పట్నుంచీ మాస్టారి పోస్టు ఖాళీయే."

"ఈ మధ్య సరిగ్గా వస్తోందా?"

"తెలీదాంటీ. మా ఊళ్లో సిగ్నల్ ఉండదు కదా. బుధవారం సంతకి దిగినప్పుడే నాన్న ఫోన్ చేస్తాడు."

"బడి దగ్గరా సిగ్నల్ లేదా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "సిగ్నల్ లేదనే కదాంటీ డిష్ పెట్టారు!"

నాకు తెలియని సంగతి కాదు. ఫోన్ అందని బడులకే ఆ చానల్ అని మా షీటులో మేమే రాసుకున్నాం. కావాలంటే ఫోన్ చేస్తారని కూడా మేమే అనుకున్నాం. ఇంతమంది ఇంజనీర్లం కూర్చుని ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. నాకు సిగ్గేసింది, సిగ్గుకన్నా ఎక్కువ కోపం వచ్చింది. మిగిలిన టీ సింకులో పారబోసి, బుధవారం నాన్న ఫోన్ చేసినప్పుడు బడిలో టీవీ వస్తోందో లేదో అడగమన్నాను.

సోమవారం డైరెక్టర్ గారికి చెప్పాను. ఆయన విన్నారు. "అవసరం ఉన్నవాళ్లు ఎలాగో ఒకలా తెలియజేస్తారు. బడి చెప్పకపోతే మండలం చెబుతుంది, మండలం చెప్పకపోతే జిల్లా. ఎక్కడి నుంచీ ఒక్క మాట లేదు" అన్నారు. శుక్రవారం మీటింగ్, ఆ లోపల షీటు ముగించమన్నారు. బుధవారం దాకా ఆగమని బతిమాలాను. బుధవారం ఏముందని అడిగారు. సంత అన్నాను. ఆయనకు నేను కాస్త అలిసిపోయానని అనిపించి ఉంటుంది.

బుధవారం నేను టిఫిన్ డబ్బా తెరిచేసరికి ఆ పిల్ల ఫోన్.

"నాన్న మాట్లాడాడు ఆంటీ. టీవీ ఆగిపోయి శానా రోజులైందట. డిష్ పక్కకి తిరిగిపోయిందని, రోజూ సాయంత్రం పిల్లలంతా మేడెక్కి తిప్పుతున్నారట. ఒకళ్లు అటంటే ఒకళ్లు ఇటట. పాత నోట్సు పెట్టుకుని వాళ్లలో వాళ్లే లెక్కలు సేసుకుంటున్నారట."

"మరి ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదా?"

"ఎవులికి సేస్తారాంటీ? పాడుసేసుకున్నది మనమే అయితే?"

చెల్లెలు ఎలా ఉందని అడిగాను. తను ఫోన్‌లోకి రాలేదని చెప్పింది. నాన్న రమ్మన్నా సంతకు రానందట.

తలుపు తట్టకుండానే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లాను. నా గొంతు పెద్దదే, ఆ రోజు ఇంకా పెద్దదైంది. "వాళ్లు అరవలేదు సర్. ఎందుకంటే తప్పు తమదే అనుకున్నారు. మనం ఇక్కడ చెవులు రిక్కించి కూర్చుంటే, వాళ్లు అక్కడ మేడెక్కి మన చానల్‌ను వెతుక్కుంటున్నారు."

ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాత తనే ఫోన్ అందుకుని, చానల్ ఈ సాయంత్రమే మొదలుపెట్టమని చెప్పారు. "షీటులో ఉంచండి" అన్నారు నాతో, నా వైపు చూడకుండా. మీటింగ్ దాకా ఆగకుండా ఆ వరసను నా చేత్తోనే నింపాను. శుక్రవారం దాన్ని ఎవరూ కదపలేదు.

అంతటితో నా ప్రాణం కుదుటపడాలి. పడలేదు. చానల్ వస్తోంది సరే, ఆ బడి డిష్ ఎటు చూస్తోంది? బొటనవేలంత పక్కకు జరిగినా దానికి ఏమీ అందదు. జిల్లాకు ఫోన్ చేశాం, జిల్లా మండలానికి చెప్పింది. చాలా బడుల్లో డిష్షులు ముట్టుకోలేదు, అక్కడ పాఠాలు మొదలయ్యాయి. ఆ ఒక్క బడి సంగతే తెలియలేదు. కొండెక్కి వెళ్లే మనిషి దొరికాడో లేదో చెప్పేవాళ్లు లేరు. మళ్లీ సంత దాకా ఆగాలి. దేశమంతటికీ ఆకాశంలో చోటు సర్దే నేను, ఒక బడికి కబురు పంపలేక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాను.

తర్వాతి బుధవారం వసంత్ కుంజ్ నుంచి ఆ పిల్ల నన్నూ హాస్టల్ వార్డెన్‌నూ ఒకే కాల్‌లో కలిపింది. ఆవిడ కూరగాయల కోసం సంతకు దిగిందట. సంచులు మోయడానికి ఈసారి చెల్లెల్ని వెంట తీసుకొచ్చిందట. వార్డెన్ బేరంలో ఉంది, ఫోన్ చెల్లెలు అందుకుంది. నేను ఆఫీసు బయట లాన్‌లో ఎండలో నిలబడ్డాను. దక్షిణం వైపు, కాస్త తూర్పుకు, ఎంత పైకి ఎత్తాలి, టీవీలో సిగ్నల్ చూపే పచ్చగీత ఎక్కడిదాకా రావాలి, అన్నీ తేలిక మాటల్లో సిద్ధం చేసుకున్నాను.

"అమ్మా, డిష్ ఎలా తిప్పాలో చెప్తాను, నువ్వు..."

"నేను డిష్ ముట్టుకోనండి."

"ఎందుకని?"

సంత గోల మధ్య ఆ గొంతు సన్నగా వినిపించింది. "బట్టలారేసినప్పుడు నేనే కదిపీసినానని అందరూ అంటన్నారండి. ఎవులూ నాతో మాటాడట్నేదు. నాకైతే తగిలినట్టు గుర్తు నేదండి. తగిలే ఉంటాది. నేకపోతే ఎందుకాగిపోద్ది?"

అక్క కూడా లైన్లోనే ఉండి వింటోంది.

"నువ్వు కదపలేదమ్మా" అన్నాను. "మేమే ఆపాం. ఇక్కడ, ఢిల్లీలో."

"మీరా అండి?" అంది. తర్వాత, "ఎందుకండి?"

"మీరు చూస్తున్నారో లేదో తెలుసుకుందామని."

అవతల ఎవరో తూకం గురించి గట్టిగా పోట్లాడుతున్నారు. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టుగా అంది: "అడిగితే సెప్పీవోళ్లం కదండీ."

నేను అక్కడే గడ్డి మీద కూర్చున్నాను.

"వార్డెనమ్మ వస్తన్నారండి. ఆయమ్మకి సెప్తారా, నేను కాదని?"

ఫోన్ వార్డెన్ చేతికి వెళ్లింది. డిష్ ఎటు తిప్పాలని ఆవిడ ఆత్రంగా అడుగుతోంది. ఆవిడను ఆపి, ముందు ఆ మాటే చెప్పాను.