సీటు దొరకలేదా?

నంద్యాల బస్టాండులో సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాలు వేసి పట్టుకోవాలి. ఆ రోజు నా దగ్గర తువ్వాలూ లేదు, ఓపికా లేదు. కోరుకున్న లా కాలేజీలో సీటు రాలేదని అప్పుడే తెలిసింది. ఆళ్లగడ్డ బస్సెక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

పక్కన చింతపండు సంచితో కూర్చున్న పెద్దామె నా మొహం చూసి, "సీటు దొరకలేదా పాపా?" అంది.

అంతే, కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"యాడ దొరుకుతాదమ్మా! ఎంతమందిని తిప్పి పంపితే అంత గొప్ప కాలేజీ అంటారు. గొప్పదంటే ర్యాంకు పెరుగుతాది. ఆ ర్యాంకు చూసి ఇంకా ఎగబడతారు, వాళ్లనీ తిప్పి పంపుతారు. లోపల పాఠం ఎట్ల చెప్తాండారో ఒక్కరూ అడగరు!"

బస్సంతా నావైపు తిరిగింది. ఆమె తాను కూర్చున్న సీటు తట్టి, "నేనడిగింది ఈ సీటు పాపా," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం సంచిని ఒళ్లోకి లాక్కుని, కిటికీ పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచింది.

"ఇద్దరి సీటు ఇది. ముగ్గురం యాడ పడతాం?" అని ఆయన గొణిగాడు.

"జరిగితే పడతాం. జరుగప్పా," అంది.

ఇప్పుడు వేరే కాలేజీలో లా చదువుతున్నాను. కాలేజీ పేరు చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, ర్యాంకెంత అని. నాకు ఒళ్లు మండుతుంది. జరిగి ఇంకొకరికి చోటిచ్చే కాలేజీని గొప్పదని ఎవరూ అనరు. ముగ్గురు పట్టరన్న సీటులోనే కదా, ఆ రోజు ఆళ్లగడ్డ దాకా కూర్చుని వచ్చాను.