సీతమ్మ పేరున చెప్పిన అబద్ధం

ఈ మాటను మోసి మోసి అలిసిపోయాను. బయటికి కనబడే బరువు కాదిది. చూసేవాళ్లకు నేను బాగానే ఉంటాను. నవ్వుతాను, కూరగాయలు బేరమాడతాను, పక్కింటివాళ్లతో నీళ్లకాడ పోట్లాడతాను కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరవడానికి నాకు పదేళ్లకు పైనే పట్టింది.

నా తోడికోడలు వనజకు పిల్లలు లేరు. అందులో నా పాపం ఉంది. ఎంత ఉందో తెలియదు. నేను నోరు విప్పి ఉంటే తప్పకుండా పుట్టేవారా? ఏమో. ఆ ఏమో అన్న మాటే నన్ను చంపుతోంది.

మాది కోలారు గోల్డ్ ఫీల్డ్స్. మా మామగారి తండ్రి చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చినవాడు. గని మూతపడ్డాక మా వీధి ఇళ్లలో ఉన్నవాళ్లందరికీ మారికుప్పం రైలే దిక్కయింది. పొద్దున్నే ఎక్కి బెంగళూరు పోవడం, చీకటి పడ్డాక దిగడం. పెళ్లయిన కొత్తలో నేనూ అలాగే పోయేదాన్ని. అక్కడ ఒక బట్టల అంగడిలో బిల్లులు కొట్టే పని.

నాకు చిన్నప్పటి నుంచే నెలసరి సరిగా ఉండేది కాదు. ఒకసారి వస్తే మళ్లీ రెండు నెలలో, మూడు నెలలో. గడ్డం కింద మొరటు వెంట్రుకలు వచ్చేవి. మెడ వెనక చర్మం నల్లబడింది. అది మురికి అనుకుని పీచుతో రుద్ది రుద్ది మంట తెచ్చుకున్నాను. మా అమ్మకు అన్నీ తెలుసు. పెళ్లయితే అదే సర్దుకుంటుంది, ఎవరి దగ్గరా అనవద్దు అంది. పెళ్లయింది. ఏదీ సర్దుకోలేదు. మూడేళ్లయినా కడుపు పండలేదు.

మా అంగడిలో పనిచేసే ఒకామె నా గడ్డం చూసి, తనకూ అలాగే ఉండేదని, వెనక సందులో ఒక డాక్టరమ్మ ఉందని చెప్పింది. చూడండి, ఎవరో పరాయి మనిషి, నా ముఖం చూసి, తన సంగతి దాచకుండా నాకు చెప్పింది. ఆమె అలా చెప్పబట్టే ఈరోజు నేను ఒక బిడ్డకు తల్లిని. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మధ్యాహ్నం అన్నం వేళలో ఆ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. రక్తం పరీక్ష చేయించింది, స్కాను తీయించింది. దీన్ని పీసీఓఎస్ అంటారు, చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది, నెలనెలా విడుదల కావలసిన అండం నీకు సరిగా విడుదల కావడం లేదు, అంతే అంది. తీపి తగ్గించు, రోజూ నడువు, బరువు దించు, ఈ మాత్రలు నేను చెప్పినట్టు వాడు అంది. ఇది నీ తప్పు కాదమ్మా అని కూడా అంది. ఆ మాటకు నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. పెళ్లికి ముందు నుంచే ఉందని తెలిస్తే మోసం చేసి అంటగట్టారంటారని భయం. మాత్రలు అంగడిలోనే నా అరలో పెట్టుకుని అక్కడే మింగేదాన్ని.

ఆ రోజుల్లోనే మా అత్త నన్ను ముళబాగిలు దగ్గరున్న ఆవనికి, సీతమ్మ లవకుశులను కన్నదని చెప్పుకునే చోటికి, తీసుకుపోయింది. పిల్లలు లేని ఆడవాళ్లు అక్కడ కొండ మీద సీతమ్మకు మొక్కుకుంటారు. తలంటుకుని, తడిబట్టలతో గుడి ముందు పడుకుంటారు. నేనూ పడుకున్నాను. చలికి వణికాను. నిజంగానే మొక్కుకున్నాను, అందులో అబద్ధం లేదు. కొన్ని నెలలకు నా కొడుకు కడుపులో పడ్డాడు. మా అత్త వీధంతా చెప్పుకుంది, ఆవని సీతమ్మ ఇచ్చిందని. అవునన్నాను. ఆ తల్లి కొడుకు పేరే పెట్టుకోవాలంది. లవకుమార్ అని పెట్టాం.

నేను దేవుణ్ణి నమ్మనిదాన్ని కాను. ఆ డాక్టరమ్మను చూపించింది కూడా సీతమ్మే అనుకోవచ్చు. కాని మాత్రల మాట మింగేసి సీతమ్మ మాట ఒక్కటే చాటడం భక్తి అవుతుందా? అప్పుడు నన్ను నేను ఆ ప్రశ్న అడగలేదు. ఎందుకడుగుతాను? వీధిలో నా విలువ పెరిగింది. రాబర్ట్‌సన్‌పేట నుంచి కూడా అత్తలు కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు, నా చేయి మంచిదని. నేను ముందు నడిచి కొండెక్కించేదాన్ని. ఎట్లా పడుకోవాలో, ఏం తలుచుకోవాలో పెద్దరికంగా చెప్పేదాన్ని. నాకది బాగుండేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా బాగుండేది.

లవకు మాటలు వచ్చేసరికి మా మరిదికి పెళ్లయింది. వనజ వచ్చింది. చిన్నపిల్లల బడిలో టీచరు. చక్కని పిల్ల, గలగలా మాట్లాడేది. మా అత్త నన్ను ఏనాడూ పిలవనంత ముద్దుగా దాన్ని పిలిచేది. నా కొడుకు కూడా నన్ను వదిలి దాని ఒళ్లోకి పోయేవాడు.

పెళ్లయిన ఏడాదిలోపే దానికి నెల దాటింది. ఇంకో పదిహేను రోజులు కూడా దాటాయి. మా అత్త పాయసం వండించింది. వండింది నేనే. ఇంకో నెల గడిచాక రక్తం కనబడింది. అయ్యో, నిలవలేదు అంది మా అత్త. కొన్ని నెలలకు మళ్లీ అదే జరిగింది. మళ్లీ. లోపల పడుతోంది కాని నిలవడం లేదని మా అత్త తేల్చేసింది. మందుల అంగడిలో దొరికే పరీక్ష పట్టీ వనజ తెచ్చుకుని చూసుకుంటే ఒక్క గీతే వచ్చేది. ఆ అట్టముక్కకేం తెలుసని మా అత్త దాన్ని చెత్తలో వేసింది.

నాకు తెలుసు. అక్కడ పడిందీ లేదు, పోయిందీ లేదు. నేను ఎన్నేళ్లు అలా ఎదురుచూశానో నాకు తెలియదా? దాని మెడ వెనక, జడ పక్కకు తప్పుకున్నప్పుడు, నాకున్న నలుపే కనబడేది. నేను చూపు తిప్పుకునేదాన్ని.

నిలవాలంటే కదలకూడదని మా అత్త దానితో బడి మాన్పించింది. నీళ్లు మోయనిచ్చేది కాదు, నడవనిచ్చేది కాదు. బలం పట్టాలని నేతిముద్దలు, బెల్లం ఉండలు, పాయసాలు పెట్టించేది. అవన్నీ నా చేత్తో చేసినవే. డాక్టరమ్మ నన్ను ఏవి తగ్గించమందో అవే, నేను గిన్నె నింపి దాని ముందు పెట్టాను. తినమ్మా అన్నాను. మనిషి కళ్లముందే లావెక్కింది. మాట తగ్గిపోయింది.

ఒక మధ్యాహ్నం పెరటి తలుపు దగ్గర, కిటికీలో చిన్న అద్దం ఆనించుకుని గడ్డం కింద వెంట్రుకలు పీక్కుంటోంది. నన్ను చూసి దాచుకోలేదు. పక్కన కూర్చోమంది. కూర్చున్నాను.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. లవ పుట్టకముందు నీకూ ఇట్లే నెలలు నిలిచిపోయి మళ్లీ వచ్చేదా?"

"లేదమ్మా. నాకు దినం కూడా తప్పేది కాదు."

"ఇట్ల గడ్డానికి వెంట్రుకలు?"

"నాకా? యాడుండాయి?"

నేను రాబర్ట్‌సన్‌పేటకు పోయి పీకించుకుని వచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు.

"మరి నాకేనా అక్కా ఇట్ల? నా ఒళ్లే మంచిది కాదేమో."

"అట్లనుకోవద్దు. సీతమ్మ ఉండాది కదా. ఈసారి నేనే దగ్గరుండి తీసుకుపోతా."

అది తల ఊపింది. నా చేయి పట్టుకుంది. నేను ఆ చేయి విదిలించుకోలేదు. పట్టుకోనిచ్చాను.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లుగా అదే అడుక్కుంటున్నాను. అత్తకు భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కాని మొత్తం నిజం కాదు. నా గుట్టు బయటపడితే ఊళ్లో నా పెద్దరికం పోతుందని ఒకటి. ఇంకొకటి ఉంది. రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. దానికి రక్తం కనబడిన ప్రతిసారీ, అది గోడవైపు తిరిగి ఏడుస్తున్నప్పుడు, నాకు లోపల ఎక్కడో కాస్త ఊపిరి ఆడేది. చక్కదనం దానిదే, చదువు దానిదే, అత్త ముద్దూ దానిదే. బిడ్డ ఒక్కటీ నాది. అది కూడా దానికి వస్తే ఇక నాకేం మిగులుతుంది? నేను అలా అనుకున్నాను. అంత కుళ్లు నాలో ఉందని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఒక్కసారి మా మరిది పట్టుబట్టి దాన్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు. వాళ్లు స్కాను తీయించుకుని రమ్మన్నారు. మా అత్త నావైపు తిరిగి, నీకు ఏ స్కానూ లేకనే అయింది కదా అంది. అందరూ నన్నే చూస్తున్నారు. వనజ కూడా. నోటితో చెప్పలేదు నేను, తల ఊపాను. ఆ స్కాను మాట అంతటితో పోయింది. ఆ తల ఊపడం ఉంది చూశారూ, దానికి నాకు ఏ శిక్ష వేసినా తక్కువే.

తర్వాత ఎన్నిసార్లు ఆవని పోయామో. చలికాలంలో పోయాం, మండుటెండల్లో పోయాం. అది తడిబట్టలతో పడుకుంటే నేను పక్కన కూర్చుని దాని చెప్పులకు కాపలా కాశాను. ఆ పడుకున్నది నన్ను నమ్మి పడుకుంది. సీతమ్మ ముఖం నేను నేరుగా చూడలేకపోయేదాన్ని. మరిది హోసూరులో పని చూసుకుని అక్కడే గది తీసుకున్నాడు. మొదట వారం వారం వచ్చేవాడు. ఇప్పుడు పండగలకు వస్తున్నాడు, అది కూడా ఆలస్యంగా. వనజకు షుగరు వచ్చింది.

మా అత్త చనిపోయి రెండేళ్లు దాటింది. ఆమె పోయిన తర్వాత నాకు ఎవరి భయం? మరుసటి రోజే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అప్పుడు తెలిసింది నాకు, అన్నాళ్లూ పాపం ఆ ముసలామెను అడ్డం పెట్టుకున్నానని.

మొన్న వనజ తన అక్క కూతురు దివ్యను వెంటబెట్టుకుని వచ్చింది. ముళబాగిలు దగ్గర పల్లె ఆ పిల్లది. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. పెళ్లయి రెండేళ్లు. నెలలు సరిగా రావడం లేదట. "నాకు పలకలేదు సరే, దీనికైనా పలకనీ అక్కా. నీ చేయి మంచిది" అంది వనజ. దాని గొంతులో ఎగతాళి ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఇప్పటికీ నన్ను నమ్ముతోంది. నేను చీర మార్చుకుని వాళ్లతో బస్సెక్కాను. దారంతా నా ముందు సీట్లో ఆ పిల్ల మెడ. అదే నలుపు.

కొండ కింద దివ్య టెంకాయ కొనడానికి అంగడికి పోయింది. వనజ ఆ పిల్ల కోసం తెచ్చిన పొడిబట్టలు సంచిలో సర్దుతోంది. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"వనజా, ఆ పిల్లను కొండెక్కించొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకుపో. నాకూ ఉండె అది. నెలలు నాకూ వచ్చేవి కావు. నేను మాత్రలు మింగినాను. మాత్రలు మింగినాకే లవ పుట్టినాడు."

దాని చేతులు ఆగిపోయాయి. నావైపు చూడలేదు. అరుస్తుందనుకున్నాను. అందరి ముందూ చెంప పగలగొట్టినా పడతాననుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా.

సంచి మూతి బిగించి, "యాడ చూపించుకుంటివి?" అని అడిగింది.

చెప్పాను. ఆ డాక్టరమ్మ ఇప్పుడు ఉందో లేదో తెలియదని, ఆడవాళ్ల డాక్టరు ఎవరైనా చూస్తారని, షుగరు ఉన్నా చూపించుకోవచ్చని, ఇంకా నీకు వయసు మించిపోలేదని, ఏవేవో అన్నాను. అది చేయెత్తి ఆపింది.

"ఇంగ చెప్పేది ఏమన్నా ఉండాదా?"

పాయసాల సంగతి చెప్పాను. దాని రక్తం చూసి నాకు ఊపిరాడిన సంగతి కూడా చెప్పాను. ఆ రెండోది చెప్పకుండా ఉండాల్సిందా? దాని బరువు దించడానికి చెప్పానా, నా బరువు దించుకోవడానికి చెప్పానా? నాదే దించుకున్నాను. ఇప్పుడు అది దాని నెత్తిన ఉంది.

దివ్య టెంకాయతో వచ్చింది. "పోదామా చిన్నమ్మా?" అంది. వనజ సంచి భుజాన వేసుకుని, ఆ పిల్ల చేయి పట్టుకుని బస్సు ఆగే చోటికి నడిచింది. నన్ను రమ్మనలేదు. నేను వెనకే పోయాను. బస్సులో వాళ్లిద్దరూ ముందు కూర్చున్నారు, నేను చివర కూర్చున్నాను. దిగాక కూడా అది వెనక్కి తిరిగి చూడలేదు.

మా ఆయనకు కూడా ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. లవకు ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. మిమ్మల్ని నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, క్షమించాల్సినదాన్ని అడిగే ముఖం నాకు లేదు.

ఒక్క సంగతి మాత్రం దాచలేను. ఆ రాత్రి నాకు గాఢంగా నిద్ర పట్టింది. ఎన్నో ఏళ్ల తర్వాత అలాంటి నిద్ర. తెల్లారి లేచాక అందుకు సిగ్గుతో చచ్చిపోయాను. వనజ నిద్రపోయిందో లేదో నాకు తెలియదు.