నీలవేణి మునగలేదు

నిన్న పిన్ని వాళ్ళింట్లో పాత బీరువా తీయగానే కలరా ఉండల వాసనతో పాటు ఆవిడ కుట్టుకున్న సీరియల్ పుస్తకం బయటపడింది. ప్రతి వారం పత్రికలోంచి ఆ పేజీలు చింపి దాచి, చివరికి దబ్బనంతో కుట్టి అట్ట వేసేది పిన్ని.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఒక వారం ఆ కథలో నీలవేణి పడవ మీంచి గోదావరిలో పడిపోయింది. గోదావరి అన్నారు కాబట్టి అది మా రేవే అనుకున్నాను. అప్పుడు ఎండాకాలం. రేవులో మోకాలి లోతు నీళ్ళే, లంక దాకా నేనే నడిచి వెళ్ళొచ్చాను. అందుకని నీలవేణి లేచి, తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుని, లంకలో అరటితోటకి నడిచి వెళ్ళిందని నాలుగు కాగితాలు రాసి పిన్నికిచ్చాను. కల్పించాననుకోలేదు, జరిగిందే రాశాననుకున్నాను.

తరువాతి వారం ఆఖరి భాగం వచ్చింది. అందులో నీలవేణి మునిగి చచ్చిపోయింది.

"తప్పు రాశారు పిన్నీ," అన్నాను.

"అంత పెద్ద రచయితగారికి తెలీదంటావా?"

"ఆయన మన రేవు చూసుండరు."

పిన్ని నవ్వలేదు. "అదీ నిజమేలే," అంటూ దబ్బనంలోకి దారం ఎక్కించుకుంది.

ఆయన రాసిన గోదావరి వేరని పెద్దయ్యాక తెలిసింది. మా రేవులో మాత్రం ఇప్పటికీ ఎండాకాలంలో మోకాలి లోతే.

పుస్తకం చివర తిప్పి చూశాను. అచ్చయిన ఆఖరి భాగం లేదు. నా నాలుగు కాగితాలే ఉన్నాయి. వాటి కింద పిన్ని చేతిరాతలో 'సమాప్తం' అని ఉంది.