మైకు ఎత్తు

మందుల షాపాయన తల్లిదండ్రుల శిక్షణ తరగతికి అందరికన్నా ముందే వస్తాడు. వార్డు సమస్యల గురించి అధికారుల ముందు ఎలా మాట్లాడాలో అక్కడ నేర్పుతారు. రాగానే మైకును తన గడ్డం ఎత్తుకు బిగించి, గొంతు సవరించుకుని, "హలో, హలో" అంటాడు. బడి ముందు రోడ్డుకు స్పీడ్ బ్రేకర్ కావాలనే ప్రసంగం అతనికి కంఠతా వచ్చు. భార్య వచ్చేది చంటిదాన్ని ఎత్తుకోవడానికే. నిన్న టీచరమ్మ ఆమెను కూడా మాట్లాడమంది. "మా పెద్దోడు ఆ రోడ్డు దాటేదాకా నా ప్రాణం నా దగ్గరుండదండీ" అని ఆమె మొదలుపెట్టింది. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. "రేపు మున్సిపల్ కౌన్సిల్లో మీరే మాట్లాడాలమ్మా" అంది టీచరమ్మ. "ఏమోయ్, ఇకనుంచి ఉయ్యాల నీది, ఉపన్యాసం ఆవిడది!" అన్నాడు పక్కింటి డ్రైవరు. అందరితోపాటు షాపాయనా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. ఇవాళ కౌన్సిల్లో ఆమె వంతు వచ్చింది. "ఏవండీ, మైకు అందట్లేదు, కాస్త దించరూ?" అంది. అతను చంటిదాన్ని చంకనేసుకుని వెళ్లి, మైకు దించాడు. ఆమె నోటికి ఇంకా జానెడు పైనే ఆపి, మర గట్టిగా బిగించి, వచ్చి కూర్చున్నాడు. ఆమె అతనివైపు ఒక్కసారి చూసింది. తర్వాత మైకును పక్కకు జరిపేసి, వెనక వరుస దాకా వినపడేలా మాట్లాడింది.