వదిన కూరిన బాటిళ్ళు

మా వదిన రెరేయా మాట మెత్తన, చెయ్యి గట్టిది. ఇటుకలా వాడుకోవడానికి ప్లాస్టిక్ బాటిల్లో చెత్త కూరడం అందరూ చేస్తారు. ఆవిడలా కూరేవాళ్ళు పసిఫిక్ సముద్రంలోని మా తరావా దీవిలో ఇంకొకరు లేరు. నూడుల్స్ కవర్లు, బియ్యం సంచుల ముక్కలు, తెగిన చెప్పుల తునకలు కడిగి, ఆరబెట్టి, కర్రతో పొడిచి పొడిచి నింపేది. నిండాక దానిమీద ఎక్కి నిలబడేది. సొట్ట పడిందా, మొత్తం బయటికి లాగి మళ్ళీ మొదలు. చూసేవాడికి ఒళ్ళు మండేది.

"చెత్తకి ఇంత మర్యాదేంటి వదినా?" అనేవాణ్ణి.

"సముద్రానికి నీ వేళాకోళాలు పట్టవు కౌరె" అనేది.

ఆవిడ కట్టాలనుకున్నది గోడ. ఇంటి వెనక, సముద్రం వైపు, కూతురు బెరెనతేత సమాధి ఉంది. పోయినవాళ్ళని ఇంటి పక్కనే ఉంచుకుంటాం మేము. ఆ పిల్ల తొమ్మిదేళ్ళకే విరేచనాలతో పోయింది. అప్పుడు సమాధికీ అలలకీ మధ్య పదడుగుల నేల ఉండేది, తర్వాత నాలుగైంది. ఇసుక సంచులు వేస్తే ఏడాదికే చివికిపోయాయి. అందుకే మూడేళ్ళపాటు బాటిళ్ళు కూరి, ఇంటి వెంట నడుమెత్తున పేర్చింది. ఫిబ్రవరి పెద్ద పోటు లోపల గోడ లేవకపోతే పిల్ల సముద్రం పాలే. ఇది ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

జనవరిలో ఊరి పెద్ద ఉరియం నన్ను సభాశాలకి పిలిపించాడు. చెత్తతో ఊరికి పనికొచ్చేది కట్టి చూపిస్తే సాయం చేస్తామని ఏదో విదేశీ బృందం వస్తోందట. బస్సు ఆగేచోట బాటిళ్ళతో షెల్టరు, దాని గోడమీద రంగురంగుల మూతలతో మా జెండా మీది పక్షి బొమ్మ పెట్టాలని నిర్ణయించారు. మూతలు ఊరంతా ఏరి తెచ్చారు, పక్షి చక్కగా కుదిరింది. కుదరనివి బాటిళ్ళే. ఊళ్ళోవాళ్ళు హడావిడిగా కూరినవి చేత్తో నొక్కితేనే లొత్తలు పడ్డాయి.

"మీ వదిన దగ్గరున్నాయిగా. వెళ్ళి బుబుసి అడుగు" అన్నాడు ఉరియం.

"అవి సమాధి గోడకి, పెద్దాయనా."

"తెలీకనా? అందుకేరా నిన్ను పంపేది. నేనడిగితే ఆలోచిస్తుంది. నువ్వడిగితే ఇచ్చి తీరాలి."

చుట్టం నోరు తెరిచి బుబుసి అడిగాక కాదనడం మాలో లేదు. పడవ అడిగినా ఇస్తాం, పిల్లని పెంపకానికి అడిగినా ఇస్తాం. కాదన్న మనిషి ఇక తలెత్తుకోలేదు. అది తెలిసే వెళ్ళాను. పెద్దమనిషి ముందు 'నావల్ల కాదు' అనే దమ్ము లేక వెళ్ళాను, పిరికి వెధవని.

వదిన మొగలి చాప పరిచి, చేపా అన్నం పెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను. తిన్నాక అడిగాను.

వదిన నా ఖాళీ కంచం తీసి పక్కన పెట్టింది. తర్వాత, "అన్నీనా?" అంది.

"అన్నీ."

"కావాల్సింది వాళ్ళకా, నీకా?"

బుబుసి అడిగేవాడు తన కోసమే అడగాలి. ఊరికి కావాలట అని ఉంటే ఆవిడ కాదనగలిగేది. ఉరియం మాట నేను కాదన్నట్టూ ఉండేది కాదు. ఆవిడ నాకు ఆ దారి చూపించింది కూడా.

"నాకే" అన్నాను.

"తీసుకెళ్ళు."

"ఈసారి పోటు అంత రాదంటున్నార్లే వదినా."

"ఇచ్చాను కదా. ఇక నోరు ముయ్యి."

మర్నాడే బండిలో ఎత్తుకుపోయారు. ఆవిడ ఆ సాయంత్రమే మళ్ళీ కర్ర పట్టుకుని కూర్చుంది. పోటు నాటికి అరవై బాటిళ్ళే అయ్యాయి, గోడకి ఏమూలకీ చాలవు.

తెల్లవారుతుండగా వచ్చింది పోటు, పడమటి గాలి తోడుగా. రాళ్ళు, తలుపు చెక్క, చాపలు, చేతికందినవన్నీ నేనూ వదినా అడ్డం పెట్టాం. మూడో అల వెనక్కి పోయేసరికి సమాధి ఉన్నచోట గుంట మిగిలింది. వదిన నడుంలోతు నీళ్ళలోకి దిగి చేతులతో తడమడం మొదలుపెట్టింది. నేను జబ్బ పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాను. తిడితే బాగుండుననిపించింది.

బస్సు షెల్టరు చెక్కుచెదరలేదు. నాలుగోనాడు బృందం వచ్చింది. వాళ్ళ పెద్దావిడ పక్షి బొమ్మని మెచ్చుకుని, బాటిళ్ళని వేలితో గట్టిగా నొక్కి చూసింది.

"ఇంత బాగా కూరిందెవరు?" అని అడిగింది.

ఉరియం చుట్టూ చూశాడు. వదిన లేదు. "వీళ్ళ ఇంటివాళ్ళేనమ్మా" అని నన్ను ముందుకి తోశాడు.

వదిన పేరు చెప్పాల్సింది. ఎక్కడుందో, ఎందుకు రాలేదో చెప్పాల్సింది. ఎవరో పూలదండ తెచ్చి మా పద్ధతిలో తలకు చుట్టబోతే, తల వంచాను.

అప్పటికి ఆటు తీసి, నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. వదిన పగడపు దిబ్బ మీద వంగి, రాళ్ళ సందుల్లో కూతురి ఎముకలు వెతుకుతోంది.